లెక్క చేసే ముందు చెప్పాల్సిన మాట

మా జగ్గయ్యపేట చుట్టుపక్కల నేలలో సున్నపురాయి ఉంది. జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. అటు నందిగామ దాకా పత్తి, మిరప చేలు. సైన్సు హోంవర్కులో పిల్లలు తడబడే రెండు రకాల లెక్కలూ ఈ రాయిలోనే, ఈ చేలలోనే ఉన్నాయి. సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాక, సాయంత్రాలు మా వరండాలో చేరే పిల్లలకు నేను వీటితోనే మొదలుపెడతాను.

మొదటిది: 90 శాతం శుద్ధమైన సున్నపురాయి 100 గ్రాములు పూర్తిగా కాలిస్తే ఎంత పొడిసున్నం వస్తుంది?

చాలామంది చటుక్కున 56 అంటారు. పెన్ను కింద పెట్టించి, ‘ఏమిచ్చారు, ఏమడిగారు? నీ మాటల్లో చెప్పమ్మా’ అంటాను. చెబుతుంటే ఆ 90 శాతం దానంతటదే బయటికొస్తుంది. రాయిలో అసలు కాల్షియం కార్బొనేట్ 90 గ్రాములే. దాని మోలార్ ద్రవ్యరాశి 100: కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48. కాలినప్పుడు ఆ 100లో 56 వంతులు కాల్షియం ఆక్సైడ్‌గా, అంటే పొడిసున్నంగా మిగులుతాయి. 44 వంతులు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. కాబట్టి 90 గ్రాములకు సున్నం 50.4 గ్రాములు, వాయువు 39.6 గ్రాములు. మారకుండా మిగిలిన మలినం 10 గ్రాములు. మూడూ కూడితే మళ్లీ 100. ఈ సరిచూపు లేకుండా లెక్క ముగించనివ్వను. సిమెంటు తయారీలో అంత కార్బన్ డయాక్సైడ్ ఎందుకు వెలువడుతుందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది: బొగ్గు నుంచి వచ్చేది కాక, రాయిలోంచే వస్తుంది.

రెండోది మెండెల్ బఠానీ. సంకర పొడవు మొక్కలో ఆత్మపరాగ సంపర్కం జరిగితే వచ్చే సంతతిలో పొడవు, పొట్టి నిష్పత్తి 3:1. ఇది అందరికీ కంఠతా వచ్చు. ‘మరి నాలుగు గింజలు నాటితే?’ అంటే ‘మూడు పొడవు, ఒకటి పొట్టి’ అని గట్టిగా చెబుతారు. అది తప్పు. ఒక్కో గింజకు పొడవయ్యే అవకాశం నాలుగింట మూడు. అందుకే నాలుగూ పొడవే అయ్యే అవకాశం 256లో 81, దాదాపు మూడో వంతు. 1866లో అచ్చయిన మెండెల్ వ్యాసంలో 1064 మొక్కలకు 787 పొడవు, 277 పొట్టి. అంటే 2.84:1. నిష్పత్తి గుంపుకు చెందింది, గింజకు కాదు.

ఇదే లెక్క రైతు ఇంటికీ వస్తుంది. సంకర పత్తి గింజలు దాచుకుని మరుసటి ఏడు విత్తితే చేను ఒకే తీరున రాదు. జన్యువులు విడివడి కొత్తగా కలుస్తాయి. ఏటా సంకర విత్తనాల ప్యాకెట్టు కొనడం అందుకే. నాన్న చేసే ఖర్చుకూ పాఠంలోని నిష్పత్తికీ సంబంధం తెలిసిన పిల్లకు ఆ పాఠం మరుపురాదు.

గైడులో జవాబు చూసి దించుకుంటే నోటుబుక్కు నిండుతుంది, అంతే. సంఖ్య మారిస్తే చెయ్యి ఆగిపోతుంది.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. మీకు సైన్సు రాకపోయినా ఫరవాలేదు. రాత్రి పిల్లల పక్కన కాసేపు కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి: ఏమిచ్చారు? ఏమడిగారు? జవాబు సరైందని నీకెలా తెలిసింది? తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే ఆ లెక్క వాళ్లకు వచ్చినట్టే.