ఎండిన మొక్క చచ్చినట్టేనా?

జూలై మొదటి వారంలో బడి ఆవరణలోనో, కాలేజీ వెనక ఉన్న అరెకరం బీడులోనో మొక్కలు నాటడం మనకు కొత్త కాదు. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ శాఖల మంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవం అది. తరువాతి కథా మనకు తెలిసిందే. ఏప్రిల్ వచ్చేసరికి చాలాచోట్ల ఎండు పుల్లలు మిగులుతాయి. వాటిని పీకి పారేసి, మళ్ళీ జూలైలో అదే గుంటలో మరో మొక్క పెడతాం.

మీరు నాటినది టేకు, పెద్దేగి, మోదుగ వంటి మన ఆకురాల్చే అడవుల చెట్టయితే మాత్రం, ఆ పుల్లను పీకేముందు కొంచెం ఆగండి. అది బతికే ఉండవచ్చు.

ఈ అడవులలో వాన కురిసేది ఏడాదిలో నాలుగైదు నెలలే. ఆ కొద్ది కాలంలో లేత మొక్క చేసుకోవలసిన ముఖ్యమైన పని ఎత్తు పెరగడం కాదు, వేరును లోతుకు దింపడం. ఆకులు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో పెద్ద వాటా వేరుకు చేరి, అక్కడ పిండిపదార్థంగా నిలవ ఉంటుంది. ఎండలు ముదిరి నేల పైపొర ఆరిపోగానే ఆకులు రాలతాయి. ఒక్కోసారి లేత కాండం కూడా మొదలంటా ఎండిపోతుంది. దీనివల్ల నష్టం ఉన్నా లాభమూ ఉంది. నీటిని ఆవిరిగా వదిలే భాగమే లేదు కనుక, వేరులోని తేమ వేరులోనే ఉంటుంది. తొలకరి పడగానే వేరూ కాండమూ కలిసే చోట నిద్రాణంగా ఉన్న మొగ్గ నుంచి కొత్త కొమ్మ లేస్తుంది. మరుసటి వేసవిలో అదీ ఎండవచ్చు. వేరు మాత్రం ఏటేటా లావెక్కుతుంది. అది తగినంత బలిశాక ఒక ఏడు వచ్చిన కొమ్మ ఇక ఎండదు, నిటారుగా పైకి సాగుతుంది.

సాల వృక్షపు మొలకలలో ఈ తంతు ఏళ్ళ తరబడి సాగుతుంది. భారతీయ వృక్షాల పెంపకంపై 1921లో మూడు సంపుటాలు వెలువరించిన ఆర్.ఎస్. ట్రూప్ దీన్ని వివరంగా రాశాడు. టేకు తోటలు వేసేవారయితే ఈ గుణాన్ని వాడుకుంటారు కూడా. నర్సరీలో పెరిగిన మొక్కను తవ్వి, కాండం రెండు మూడు సెంటీమీటర్లు, వేరు జానెడు ఉంచి, మిగతాది కోసేసి నాటుతారు. దాన్ని ‘స్టంప్’ అంటారు. చూడటానికి చిన్న కర్రముక్క, కాని అందులో ఒక చెట్టుకు కావలసిన పెట్టుబడి ఉంటుంది.

పరీక్ష సులభం. మొదలు దగ్గర మట్టి కొద్దిగా తొలగించి, బెరడును గోటితో గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

అయితే ఈ శక్తి వేరు లోతుకు పోయిన మొక్కకే ఉంటుంది. పాలిథిన్ సంచిలో ఎక్కువకాలం ఉంచితే తల్లివేరు అడుగున చుట్టలు తిరుగుతుంది. నాటేటప్పుడు సంచి చింపి, ఆ చుట్టలను కత్తిరించకపోతే మొక్క నేలలో ఉన్నా సంచిలో ఉన్నట్టే. తల్లివేరు చాలా వేగంగా దిగే నారేప వంటివాటికి గింజను నేరుగా గుంటలోనే వేయడం మేలని నా అభిప్రాయం. నీళ్ళ విషయమూ అంతే. రోజూ చెంబెడు పోస్తే పైమట్టి మాత్రమే తడిసి వేళ్ళు అక్కడే తిరుగుతాయి. వారానికొకసారి బిందెడు పోస్తే తడి లోతుకు దిగుతుంది, దాని వెంట వేరూ దిగుతుంది.

మొదటి రెండేళ్ళూ అసలు పోటీదారు గడ్డి. కురిసిన వానను అది పైపైనే తాగేస్తుంది. మొక్క చుట్టూ అర మీటరు మేర కలుపు తీసి, కాండానికి తగలకుండా ఎండుటాకులు పరవాలి. వేసవికి ముందు తోట చుట్టూ ఎండుగడ్డి చెక్కివేస్తే నిప్పు లోపలికి పాకదు. ఇక మేక! కొత్త చిగురు వేరులోని నిలవ ఖర్చుపెట్టి వేసినది. అది ఆకై తిరిగి సంపాదించేలోపు మేక మేస్తే, మళ్ళీ నిలవలోంచే తీయాలి. ఇలా నాలుగైదుసార్లు జరిగితే నిలవ అడుగంటి, మొక్క నిజంగానే చస్తుంది. రేగుకంప దడి ఎరువుకంటే ముఖ్యం అనేది ఇందుకే.

ఎన్ని మొక్కలు బతికాయో మీ తరగతి లెక్క రాసుకునేట్టయితే మే నెలలో రాయకండి. రెండు మూడు మంచి వానలు పడ్డాక, ఆగస్టులో, ప్రతి గుంట దగ్గరా కూర్చుని మొదలు చూసి రాయండి. ఒకే మొదలు నుంచి నాలుగైదు చిగుళ్ళు వస్తే బలమైన ఒక్కదాన్ని ఉంచి మిగతావి గిల్లేయవచ్చు.