కారు నిత్య నిర్వహణ

కారు నిత్య నిర్వహణ అనగా కారు చెడిపోక ముందే, నిర్ణీత కాలాలలో, నడిపేవారు స్వయంగా గాని మెకానిక్ చేత గాని చేయించవలసిన పరీక్షలు, మార్పిడులు. దీని ప్రధానోద్దేశం ప్రమాద నివారణ. ఇంధనం, మరమ్మత్తు ఖర్చులలో ఆదా తరువాతిది. ప్రతి కారుతో పాటు తయారీదారు ఇచ్చే పుస్తకంలో ఆ కారుకు తగిన గడువులు, కొలతలు ఉంటాయి. ఈ వ్యాసంలోని సంఖ్యలు సాధారణమైనవి. పుస్తకంలోని సంఖ్య వేరైతే దానినే పాటించవలెను.

స్థానిక పరిస్థితులు

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. ఈ వేడి వలన టైర్లు, బ్యాటరీ, ఇంజినును చల్లబరచే వ్యవస్థలపై భారం పెరుగుతుంది. ఇక వానాకాలంలో సమస్య నీటితో వస్తుంది. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన భారీ వర్షాలకు నగరంలోని అనేక కాలనీలు జలమయమయ్యాయి. కాబట్టి ఇక్కడి వాహనదారులు మార్చి నెలలో ఒకసారి, జూన్‌లో వర్షాలు మొదలయ్యే ముందు ఒకసారి కారును పూర్తిగా పరీక్షించుకోవడం మంచిది.

టైర్లు

గాలి తక్కువైన టైరు ప్రక్కభాగాలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తాయి. దానివలన టైరు లోపల వేడి పుడుతుంది. హైదరాబాదుకు వెళ్ళే 163వ జాతీయ రహదారి వంటి మార్గాలపై ఎండవేళ అధిక వేగంతో పోయినప్పుడు ఇటువంటి టైరు పగిలిపోయే ప్రమాదం ఉన్నది.

* గాలి పీడనాన్ని 15 రోజులకు ఒకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా చూడవలెను. ఉండవలసిన పీడనం సాధారణంగా డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన చీటీలో ఉంటుంది. చిన్న కార్లలో ఇది చాలావరకు 30 నుండి 35 పి.ఎస్.ఐ. మధ్య ఉంటుంది.
* టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవవలెను. నడిచి వేడెక్కిన టైరులో పీడనం పెరిగి కనిపిస్తుంది. అది చూసి గాలి తీసివేస్తే, టైరు చల్లారిన తరువాత గాలి తక్కువవుతుంది.
* గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చవలెను. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మలు టైరు ఉపరితలంతో సమానమైతే ఆ హద్దు వచ్చినట్లు.
* టైరు ప్రక్కన నాలుగు అంకెలలో తయారీ కాలం ఉంటుంది. ఉదాహరణకు 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం.
* స్టెప్నీలో కూడా గాలి చూడవలెను.

ఇంజిన్ ఆయిల్, కూలెంట్

కారును సమతలంపై నిలిపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాల తరువాత ఆయిల్ పుల్లను తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూడవలెను. ఆయిల్ మరక రెండు గుర్తుల మధ్య ఉండాలి. అనేక పెట్రోలు కార్లలో 10,000 కిలోమీటర్లకు గాని, సంవత్సరానికి గాని, ఏది ముందైతే అప్పుడు ఆయిల్, దాని ఫిల్టరు మార్చుతారు. తక్కువ తిరిగే కారుకు కూడా ఈ సంవత్సరపు గడువు వర్తిస్తుంది.

కూలెంట్ మట్టాన్ని బయటికి కనిపించే డబ్బాలో చూడవలెను. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయరాదు. లోపల ఒత్తిడితో ఉన్న వేడినీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలే ప్రమాదం ఉన్నది. ప్రయాణంలో ఉష్ణోగ్రత హెచ్చరిక వెలిగితే కారును ప్రక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారేవరకు ఆగవలెను.

బ్రేకులు, బ్యాటరీ

బ్రేక్ ఆయిల్ కాలక్రమేణా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అప్పుడు అది మరిగే ఉష్ణోగ్రత తగ్గి, బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు పట్టు సడలుతుంది. అందుచేత సాధారణంగా రెండు సంవత్సరాలకు ఒకసారి దీనిని మార్పిస్తారు. బ్రేకు వేసినప్పుడు కీచుమనే శబ్దం వచ్చినా, పెడల్ మెత్తగా క్రిందికి దిగినా ఆలస్యం చేయరాదు.

బ్యాటరీ సాధారణంగా మూడు నుండి ఐదు సంవత్సరాలు పనిచేస్తుంది. అధిక వేడి ఈ ఆయుష్షును తగ్గిస్తుంది. టెర్మినళ్ళపై పేరుకొనే తెల్లని పొడిని శుభ్రం చేయించవలెను. తీగలు విప్పేటప్పుడు ముందుగా ఋణ ధ్రువం విప్పి, బిగించేటప్పుడు దానిని చివర బిగించవలెను.

నీట మునిగిన కారు

వరదనీటిలో నిలిచిపోయిన కారును తిరిగి స్టార్టు చేయరాదు. నీరు గాలి గొట్టం ద్వారా సిలిండరులోకి చేరి ఉండవచ్చు. గాలి నొక్కితే కుదించుకుపోతుంది గాని నీరు దాదాపు కుదించుకుపోదు. కనుక పైకి వచ్చే పిస్టన్ నీటికి కొట్టుకొని కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, ఇంజిన్ పూర్తిగా పాడు కావచ్చు. ఇటువంటి నష్టానికి సాధారణ బీమాలో పరిహారం లభించకపోవచ్చును. అందుకు ఇంజిన్ రక్షణకై అదనపు బీమా తీసుకోవలసి ఉంటుంది. నీరు తగ్గిన తరువాత వీలైతే బ్యాటరీ తీగ విప్పి, కారును లాగించి మెకానిక్ వద్దకు చేర్చవలెను.

పత్రాలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం మూడవ పక్షపు బీమా తప్పనిసరి. కొత్త కారుకు మొదటి సంవత్సరం తరువాత కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం ఉండాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత పరీక్ష చేయించి పునరుద్ధరించుకోవలెను.

ఇవి కూడా చూడండి

* కారు
* అంతర్దహన యంత్రం
* రహదారి భద్రత
* వరంగల్