ఒకే బుట్టలో రెండు చెత్తలు

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరు కూడలి వరకును బెజవాడ రాజమార్గమున కిరుప్రక్కలనున్న కాలనీలలో ప్రొద్దుట రెండు కేకలు వినబడుచుండును. ఒకటి ఇంటింటి చెత్తను గైకొనుటకు వచ్చు స్వచ్ఛ ఆటోది. రెండవది పాత ఇనుపసామాను కొందుమని గొట్టములో నరచు కబాడీ బండిది. గృహయజమాని మొదటి బండికి నెలనెల కొంత పైకమిచ్చి చెత్త నప్పగించుచున్నాడు. రెండవ బండివానితో బేరమాడి తానే పైకము పుచ్చుకొనుచున్నాడు. అయితే ఈ రెంటి నడుమ నెవ్వరి లెక్కకును రాని వస్తుసముదాయ మొకటి ప్రతి యింటను గలదు. తెగిన చార్జరు తీగ, మ్రోగని ఇయర్‌ఫోను, రిమోటులోని బ్యాటరీలు, పిల్లల బొమ్మలోని బిళ్ల బ్యాటరీ, వెలుగని ట్యూబులైటు మొదలగువానిని కబాడీవాడు తూకమునకు రావని త్రోసివేయును. అందుచే నవి అరటితొక్కలతోడను, మిగిలిన సాంబారుతోడను గలసి చెత్తబుట్టకే చేరుచున్నవి. మా పాఠకులలో ననేకులు చేయుచున్నదియు నిదియే. మేమును చాలకాల మిట్లే చేసితిమి.

ఇందు దోషమేమని కొందరడుగవచ్చును. చార్జరు చిన్నది, బ్యాటరీ చిన్నది, జవహర్‌నగరు చెత్తగుట్ట పెద్దది గదా యని వారి వాదము. దీనికి సమాధానము చెత్త పరిమాణమునందు గాక దాని కలయికయందున్నది. మన నగరముల యింటిచెత్తలో సుమారు సగము తడిచెత్త. అది విడిగా, గాలి సోకునట్లు మ్రగ్గినచో రెండుమూడు నెలలలో నెరువగును. గాలి చొరకుండ గుట్టగా పోసినచో పులిసి, కుళ్లి, ఆమ్లగుణముగల నల్లని ద్రవమును స్రవించును. ఇక ఎలక్ట్రానిక్ సామానులో నేమున్నదో చూతము. పాత సర్క్యూటు పలకల యతుకులలో సీసము, కొన్నిరకముల బ్యాటరీలలో కాడ్మియము, ట్యూబులైటులో పాదరసము గలవు. అటకమీద పొడిగా పడియున్నంతకాలము ఆ యతుకులోని సీసము కదలి యెక్కడికిని పోదు. కాని పైన చెప్పిన పులిసిన ద్రవములో నానినపుడు కొంచెము కొంచెముగా కరగి, వాననీటితో భూమిలోని కింకిపోవును. తడిచెత్త యొక్కటియే యున్నచో నెరువు వచ్చును. యంత్రపుచెత్త యొక్కటియే యున్నచో లోహము వచ్చును. రెండును ఒకే బుట్టలో బడినచో ఎరువును రాదు, లోహమును రాదు, బావినీరు మాత్రము చెడును.

పల్లెలందు భూవసతిగల పాఠకులకు పెంటకుప్పను గూర్చి మేము చెప్పనక్కరలేదు. పేడయు, బూడిదయు, ఊడ్పుచెత్తయు, కూరచెక్కులును పెరటిలో నేడాది పొడవున పోగై, వేసవిలో బండ్లకెత్తబడి పొలమునకు తోలబడుచుండెడివి. పెంటకు వెలయుండెడిది. ఆ కుప్పలో విషము లేకుండుట కంతయు మన పూర్వుల వివేకమే కారణమని కొందరు పొగడుదురు గాని, అది పూర్తిగా నిజము కాదు. అందు పారవేయుటకు వారియొద్ద బ్యాటరీలే లేకుండెను. నేడు నగరపు చెత్తనుండి చేసిన యెరువును కొనుమన్నచో రైతు వెనుదీయుచున్నాడు. గాజుపెంకు కాలిలో గ్రుచ్చుకొనునని యొక భయము. కంటికి గానరాని భయము వేరొకటి యున్నది. నగరచెత్త యెరువున కిలో యొకటికి సీసము 100 మిల్లీగ్రాములను, కాడ్మియము 5 మిల్లీగ్రాములను, పాదరసము 0.15 మిల్లీగ్రామును మించరాదని ఎరువుల నియంత్రణ శాసనము హద్దు పెట్టినది. ఒక ట్యూబులైటులో మూడు మిల్లీగ్రాముల పాదరసమే యున్నదనుకొందము. అది యంతయు నెరువులో గలసినచో ఇరువది కిలోల యెరువు ఆ హద్దునకు వచ్చి నిలుచును. మన కాలనీయందొకరు పగులగొట్టి పారవేసిన దీపము మరియెచ్చటనో మిరపతోటకు ముప్పగుట యిట్లు.

తడిచెత్త వేరుగా నున్నచో నేమి చేయవచ్చునో మన నగరముననే నిదర్శనము గలదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో, తార్నాకయందలి భారత రసాయన సాంకేతిక సంస్థవారి పద్ధతి ననుసరించి, కుళ్లిన కూరగాయలనుండి గ్యాసును, దానినుండి విద్యుత్తును పుట్టించుచున్నారు. దినమునకు 10 టన్నుల చెత్తనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు వచ్చునని లెక్క. అచ్చటి చెత్త మార్కెట్టుదగుటచే తనంతట తానే వేరుపడి యున్నది. ఆ సదుపాయము మన వంటయిండ్లలో లేదు. మనము కల్పించుకొనవలసి యున్నది.

ఎల్.బి. నగరు ప్రాంతీయులకు చెత్తగుట్ట యననేమో యొకరు బోధింపనక్కరలేదు. గత శతాబ్దాంతమున హైదరాబాదు చెత్త చాలవరకు హరిణ వనస్థలి ఉద్యానవనము ప్రక్కనే, ఆటోనగరులో పోయబడెడిది. దుర్గంధము, పొగ, చెడిన బోరునీరు వనస్థలిపురము మున్నగు కాలనీలవారు చిరకాల మనుభవించిరి. ఆ చుట్టుపట్ల నేలయు, భూగర్భజలమును చెడినవని శాస్త్రజ్ఞులును పరిశీలించి వ్రాసియుండిరి. జనులు మొరపెట్టిరి, తుదకు గుట్ట మూతబడినది. నాడు మొరపెట్టినవారిని మేము తప్పుపట్టము. వారి బాధ యథార్థమైనది, వారి కోరిక న్యాయమైనది. అయితే చెత్త మాయమై పోలేదు; లారీ దారి మార్చుకొన్నది. ఇరువది కిలోమీటర్లకు పైబడి ఉత్తరముననున్న జవహర్‌నగరులో, 350 ఎకరములకు సమీపించు స్థలమున, నగరపు చెత్తలో పెద్దభాగము చేరుచున్నది. పాతగుట్టపై మట్టియు, పలుచని పొరలును కప్పి మూసినమాట నిజము. 2020 నుండి కొంత చెత్తను కాల్చి విద్యుత్తు తీయుచున్నమాటయు నిజమే. అయినను గుట్టనుండి యేండ్లతరబడి యూరిన నల్లనీరు మల్కారము చెరువును చెరచినది. దమ్మాయిగూడ పరిసరములవారు నేడు చెప్పుచున్న మొర నాడు వనస్థలిపురమువారు చెప్పిన మొరయే. తమ గుమ్మమునుండి గుట్టను దూరము చేయించుకొన్నవారు అదే గుట్టకు దినదినమును కలగాపులగపు చెత్తను పంపుచుండుట మాకు మిక్కిలి విచారము గలిగించుచున్నది.

చెత్తను కాల్చి విద్యుత్తు తీయునపుడు సమస్య తీరదా యని యడుగువారున్నారు. తడిచెత్త సరిగా మండదు. ప్లాస్టికు పూతగల తీగలును, బ్యాటరీలును మంటలో బడినచో విషవాయువులు పుట్టును. వానిని పట్టుటకు ఖర్చుతో గూడిన జల్లెడలు కావలెను. పట్టిన బూడిదను మరల భద్రముగా పూడ్చవలెను. మంటకును వేరుచేసిన చెత్తయే మేలు.

కబాడీవానిని గూర్చి రెండు మాటలు. చదువుకొన్నవారిలో వానిని చులకనగా చూచుట యలవాటైనది. అది యన్యాయము. నగరమునందు కాగితము, ఇనుము, సీసాలు నేటికిని తిరిగి పనికి వచ్చుచున్నవన్న అది వాని చలవయే. దోష మెచ్చటనున్నదనగా, పాత కంప్యూటరును, టి.వి.ని వాడు కొన్న తరువాత అవి చేతులు మారి, మన దేశమున పలుచోట్ల రాగికొరకు తీగలు బహిరంగముగా కాల్చబడుచున్నవి. బంగారముకొరకు పలకలు ఆమ్లములో ముంచబడుచున్నవి. మిగిలిన యామ్లము మురుగుకాలువ పాలగును. ఆ పొగ పీల్చువాడు కూలివాడు. టన్ను సర్క్యూటు పలకలలో నుండు బంగారము టన్ను గని రాతిలో నుండుదానికన్న ఎన్నోరెట్లెక్కువ గనుక ఈ పని మానుమన్న మాత్రమున వారు మానరు. దీనిని హాని లేకుండ చేయు పద్ధతులను మన తూర్పు హైదరాబాదుననే, చర్లపల్లిలోని కేంద్రప్రభుత్వ సంస్థ సీ-మెట్‌వారు రూపొందించియున్నారు. కబాడీవానిని తరిమివేయుటకన్న, వాడు కొన్న సరకును అనుమతిగల కర్మాగారమునకు చేర్చినచో నాలుగు రూపాయ లెక్కువ దొరకునట్లు చేయుట మేలని మా యభిప్రాయము.

ఈ పని యసాధ్యమనువారికి మేము ఇన్వర్టరు బ్యాటరీని చూపుదుము. అందు కిలోలకొలది సీసమున్నను, దిల్‌సుఖ్‌నగరులో నేయింటివారైన దానిని చెత్తబుట్టలో వేయగా మేము చూడలేదు. కారణము సులభము. పాతది తెచ్చినచో క్రొత్తదాని వెలలో కొంత తగ్గింపు దొరకును. ఎలక్ట్రానిక్ సామానునకును అమ్మునపుడే కొంత సొమ్ము నిలువయుంచుకొని, పాతది తెచ్చినపుడు తిరిగి యిచ్చు పద్ధతిని 2016 నాటి నిబంధనలు సూచించినవి. 2022 నాటి నిబంధనలు, 2023 ఏప్రిలు 1 నుండి, పాతసామానును శుద్ధి చేయించు భారమును ఉత్పత్తిదారులపై మరింత గట్టిగా మోపినవి. అయినను కంపెనీవారు కర్మాగారములనుండి పొందు పత్రములు మన వీథిలోని తెగిన చార్జరును తీసికొనిపోవుట లేదు. లోకమంతటను ఇదే తీరు: 2022లో ప్రపంచమున పుట్టిన 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములలో సక్రమముగా సేకరింపబడి లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లు మాత్రమే.

నగర పాలకులకును మేము చెప్పవలసినది గలదు. 2015 ప్రాంతమున ఆకుపచ్చ, నీలము రంగుల బుట్టలను 44 లక్షలు పంచిరి. కొన్నియిండ్లలో నవి నీళ్లు పట్టుకొనుటకును, బియ్యము పోసికొనుటకును వినియోగింపబడుట మేమెరుగుదుము, తప్పు గృహస్థులదే. కాని 2016 నిబంధనలు చెత్తను మూడుగా, తడి, పొడి, హానికరము అని విభజింపుమనగా, ఇంటికి వచ్చినవి రెండు బుట్టలే. మూడవది యెచ్చట వేయవలెనో గృహిణి కెవ్వరు చెప్పిరి? అంతకన్న విచారకరమైనది వేరొకటి. మేము చూచిన యొక వీథిలో శ్రద్ధగా వేరుచేసి తెచ్చిన రెండు బుట్టలను ఆటోవాడు ఇంటియజమానురాలి కన్నులయెదుటనే ఒకే తొట్టిలో కుమ్మరించెను. మరునాటినుండి ఆమె వేరుచేయుట మానుకొన్నది. ఆమెను నిందించుటకు మాకు నోరాడలేదు. ఆటోవానిని మాత్రమే నిందించుటయు సరికాదు, ఆ బండిలో నడ్డుపలక యైనను లేదు.

నాలాలలో చేరు చెత్తను గూర్చి 2020 అక్టోబరు వరదలు చూచిన సరూర్‌నగరు, గడ్డిఅన్నారము వాసులకు వేరుగ చెప్పబనిలేదు. నాడు ముంపునకు ఆక్రమణలును, పైచెరువుల యలుగులును ప్రధానకారణములైనను, ప్లాస్టికుతో పూడిన కాలువ నీటికి దారి యియ్యలేదు.

దసరా దీపావళులకు ముందు ఇల్లు దులుపునపుడు అటకలమీది పాత పెట్టెలన్నియు క్రిందికి దిగును. కాలనీ సంక్షేమసంఘములవారు ఆ పక్షములో నొక ఆదివారమును నిర్ణయించి, సంఘ కార్యాలయమున మూతగల పొడిపెట్టెలను మూడింటి నుంచిన చాలును: ఒకటి తీగలకును, సెల్‌ఫోనులకును, ఒకటి బ్యాటరీలకు, అంచులకు టేపు అంటించి, ఏలయన తగులుకొన్న బ్యాటరీ నిప్పు రాజవేయును, ఒకటి పగులని ట్యూబులైట్లకు. నిండిన పెట్టెలను అనుమతిగల సంస్థవారికే యప్పగించి, ఎన్ని కిలోలు, ఏ తేదీన, ఎవరికి అను మూడును వ్రాసిన రశీదు తీసికొని సంఘపు ఫలకమున నంటింపవలెను. రశీదు ఇయ్యనొల్లనివానికి పెట్టె ఇయ్యకుడు.