కొండ మీద టైమెంత?

పర్వతారోహణకు గట్టి వాచీ కొనడం తేలికే. అది ఏ పనికి ఉపయోగపడుతుందో, ఏ పనికి ఉపయోగపడదో తెలుసుకోవడమే కష్టం

భిలాయ్‌లో వాచీ చూసుకోకుండా రోజు గడవదు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించింది మొదలు ఈ ఊరు షిఫ్టుల లెక్కన లేస్తోంది, షిఫ్టుల లెక్కన పడుకుంటోంది. కొలిమి ఆగదు కాబట్టి మనుషులే మారాలి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి సెక్టార్ క్వార్టర్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలదీ అదే కథ. పెళ్లికి మామగారు పెట్టిన హెచ్ఎంటీ వాచీకి రోజూ కీ ఇస్తూ, అదే వాచీతో రిటైరైన వాళ్లు ఆ తరంలో ఎందరో. ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. తాతల వాచీ బీరువాలోకి చేరింది. మనవలు అడుగుతున్న వాచీ వేరు. మంచులో ఆగకూడదు, రాయికి తగిలినా పగలకూడదు, ఎంత ఎత్తు ఎక్కామో చెప్పాలి.

సముద్ర మట్టానికి గట్టిగా 300 మీటర్ల ఎత్తు కూడా లేని మైదానపు ఊళ్లో ఈ కొండల గోలేమిటన్న అనుమానం రావచ్చు. కానీ ఉక్కు పట్నాలకూ పర్వతాలకూ పాత చుట్టరికమే ఉంది. 1984 మే 23న ఎవరెస్ట్ ఎక్కి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన బచేంద్రీ పాల్ ఆ తర్వాత టాటా స్టీల్‌లో చేరి, జంషెడ్‌పూర్ కేంద్రంగా దశాబ్దాల పాటు యువతను హిమాలయాలకు నడిపించారు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి ప్రపంచ శిఖరాలను చుట్టేసిన మల్లి మస్తాన్ బాబు ఇంజనీరింగ్ చదివింది కూడా ఆ జంషెడ్‌పూర్‌లోనే. ఇటు ఛత్తీస్‌గఢ్‌లో, 2012 దాకా దుర్గ్ జిల్లాలోనే ఉన్న బాలోద్ నుంచి చిత్రసేన్ సాహు వచ్చారు. రైలు ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఆయన కృత్రిమ కాళ్లతో 2019లో కిలిమంజారో, 2021లో ఎల్‌బ్రస్ ఎక్కారు. బస్తర్‌కు చెందిన నైనా సింగ్ ధాకడ్ 2021లో పది రోజుల వ్యవధిలో ఎవరెస్ట్, లోత్సే శిఖరాలు రెండూ చేరారు. ఇవన్నీ పేపర్లో చదివిన కుర్రకారుకు ఉత్తర్‌కాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ దూరంగా కనిపించడం లేదు. తాళ్లు, మంచు గొడ్డలి లాంటి సామగ్రిని చాలామటుకు శిక్షణ సంస్థలే సమకూరుస్తాయి. వాచీ మాత్రం ఎవరిది వారే కొనుక్కోవాలి. తికమక మొదలయ్యేది అక్కడే.

షాపులో ముందు వినిపించే మాట 'గట్టిది'. ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. తండ్రి ఇచ్చిన వాచీ కిందపడి ముక్కలవడంతో కసియో ఇంజనీరు కికువో ఇబే 1981లో పగలని వాచీ తయారీకి పూనుకున్నారు. సుమారు 200 నమూనాలు చేసి, ఒక్కోదాన్నీ ఆఫీసు మూడో అంతస్తు బాత్‌రూం కిటికీలోంచి కిందికి వదిలి చూశారు. పార్కులో ఒక పాప ఆడుకుంటున్న రబ్బరు బంతిని చూసి, లోపలి యంత్రాన్ని గాల్లో తేలుతున్నట్టు అమర్చాలన్న ఉపాయం తట్టింది. అలా 1983 ఏప్రిల్‌లో జి-షాక్ వచ్చింది. పది మీటర్ల ఎత్తు నుంచి పడినా పగలకూడదన్నది దాని లక్ష్యం. మామూలు 'షాక్ రెసిస్టెంట్' ముద్రకు కావాల్సిన అంతర్జాతీయ ప్రమాణం మాత్రం మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క మీద పడ్డంత దెబ్బను తట్టుకోవడమే. రెండింటికీ ఎంత తేడానో కొనేవాళ్లు గమనించరు. '30 మీటర్ల వాటర్ రెసిస్టెంట్' అన్నది మరో మాయ. దానర్థం 30 మీటర్ల లోతున ఈదవచ్చని కాదు, చేతులు కడుక్కుంటే ఫర్వాలేదని.

గట్టిదనం మాటకొస్తే ఉక్కు కర్మాగారమే పెద్ద పరీక్ష. వేడి, దుమ్ము, అన్నిటికన్నా అయస్కాంతం. ఇనుప తుక్కును ఎత్తే క్రేన్ల విద్యుదయస్కాంతం పక్కకు వెళితే ముళ్లున్న క్వార్ట్జ్ వాచీ మోటారు ఆగిపోవచ్చు, కీ ఇచ్చే వాచీ పరుగులు పెట్టవచ్చు. అంకెలు చూపే డిజిటల్ వాచీలో తిరిగే ముల్లూ లేదు, మోటారూ లేదు కాబట్టి దాని టైము చెడదు. కానీ దాంట్లో దిక్సూచి ఉంటే అది మాత్రం గజిబిజి అవుతుంది. ఇనుప రేకు, కాంక్రీటులోని ఊచ, చేతిలోని మంచు గొడ్డలి ఏదైనా చాలు. భిలాయ్‌లో ఇంట్లో కూర్చుని దిక్సూచిని సరిచేసుకుంటానంటే కుదరదు. ఊరి బయట పొలాల్లోకి నడవాల్సిందే.

అసలు సంగతి ఎత్తు కొలవడం. పర్వతారోహకుల వాచీ ఖరీదులో సింహభాగం దీనికే. నిజానికి వాచీ ఎత్తును కొలవదు. గాలి పీడనాన్ని కొలిచి, దాన్ని ఎత్తుగా మార్చి చెబుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. 5,500 మీటర్ల దగ్గర పీడనం సముద్ర మట్టంలో సగం, ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతు. అయితే పీడనం ఎత్తు వల్లే కాదు, వాతావరణం వల్లా మారుతుంది. ఆగస్టులో బంగాళాఖాతం నుంచి వాయుగుండం ఛత్తీస్‌గఢ్ మీదికొచ్చిన రోజున బల్ల మీద పెట్టిన వాచీ చూస్తే తమాషాగా ఉంటుంది. పీడనం 6 మిల్లీబార్లు తగ్గితే, కదలకుండా కూర్చున్న మనిషి రాత్రికి రాత్రి 50 మీటర్లు ఎక్కేసినట్టు చూపిస్తుంది. 8,000 మీటర్ల ఎత్తున ఈ తప్పు రెట్టింపవుతుంది. అక్కడ ఒక్కో మిల్లీబారుకూ 18 మీటర్ల దాకా తేడా.

ఇది లోపం కాదు, సరిగా వాడుకుంటే వరం. గుడారంలో పడుకునే ముందు ఎత్తు రాసుకుని, తెల్లారి లేచి చూస్తే అదే గుడారం 40 మీటర్లు 'పైకి' జరిగిందనుకోండి. పీడనం పడిపోయింది, వాతావరణం చెడబోతోందన్నమాట. 1990ల మధ్యలో వచ్చిన కసియో ప్రో ట్రెక్, 1998లో ఫిన్లండ్ కంపెనీ సుంటో తెచ్చిన వెక్టర్ పర్వతారోహకుల మణికట్టుకు చేరడానికి పెద్ద కారణం ఇదే. కానీ ఎత్తు తెలిసిన చోటుకు వెళ్లినప్పుడల్లా వాచీని సరిచేసుకోకపోతే ఆ అంకెలు పనికిరావు. సరిచేసుకోవడానికి హిమాలయాలకే పోనక్కర్లేదు. దుర్గ్ స్టేషన్ ప్లాట్‌ఫారం చివర, దేశంలో చాలా స్టేషన్లలో మాదిరే, ఊరి పేరున్న పసుపు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. రోజూ చూసేదే, ఎవరూ చదవరు.

ఉష్ణోగ్రత విషయంలో వాచీని నమ్మకపోవడమే మేలు. చేతికి ఉన్నంతసేపూ అది చెప్పేది ఒంటి వేడి కలిసిన లెక్క. విప్పి పావుగంటకు పైగా బయట పెడితేనే గాలి చలి తెలుస్తుంది. చలి వాచీకీ శత్రువే. చాలా ప్రో ట్రెక్‌లకు కంపెనీ ఇచ్చే హామీ మైనస్ 10 డిగ్రీల వరకే. అంతకు మించితే తెర మీది అంకెలు బద్ధకంగా కదులుతాయి, బ్యాటరీ నీరసిస్తుంది. జాకెట్ చేతి లోపల దాచుకుంటే వెచ్చగా ఉంటుంది, కానీ టైము చూడాలంటే రెండు పొరల చేతితొడుగులు తప్పించాలి. మైనస్ 25లో ఆ పని ఎవరూ పదేపదే చెయ్యరు. అందుకే మెడలో గొలుసులా వేసుకునేవాళ్లు, వీపు సంచి పట్టీకి తగిలించుకునేవాళ్లు కనిపిస్తారు. కొనే ముందు అడగాల్సింది 'ఎన్ని మీటర్ల నుంచి పడినా పగలదు' అని కాదు. లావుపాటి తొడుగుతో మీట నొక్కగలమా, చీకట్లో అంకెలు కనిపిస్తాయా, టోపీ కింద ఉన్న చెవికి అలారం వినిపిస్తుందా అని.

రాళ్లెక్కే వాళ్లదయితే మరో గొడవ. భువనగిరి ఏకశిల లాంటి గ్రానైట్ మీద పగులులో చెయ్యి దూర్చి ఎక్కేటప్పుడు మణికట్టుకు వాచీ ఉండటమే ప్రమాదం, ఇరుక్కుంటే చర్మం లేచిపోతుంది. నడుం పట్టీకి తగిలించుకోవడమే పద్ధతి. మాలావత్ పూర్ణ మొదటి పాఠాలు నేర్చింది ఆ రాతి మీదే. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఆమె టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ చేరారు.

ఇన్ని హంగులూ లేని రోజుల్లో వాచీ ఏం చేసింది? 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీ, టెన్జింగ్ నార్గే ఉదయం 6.30కి గుడారం వదిలారు. శిఖరం చేరి హిల్లరీ చూసుకునేసరికి 11.30. ఆయన చేతికున్నది స్మిత్స్ అనే బ్రిటిష్ కంపెనీ తయారీ, కీ ఇచ్చే మామూలు వాచీ. ఎత్తు చెప్పదు, దిక్కు చెప్పదు. ఎక్కుతున్నంతసేపూ హిల్లరీ మనసులో ఒకటే లెక్క: సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఎన్ని గంటలకు సరిపోతుంది? శిఖరం మీద పావుగంట ఉండి దిగడం మొదలుపెట్టారు. ఈనాటి నాలుగు లీటర్ల సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే తొమ్మిది, పది గంటలు వస్తుంది. పరికరాలు మారాయి కానీ లెక్క మారలేదు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 1996 మే 10 చూపించింది. న్యూజిలాండ్‌కు చెందిన రాబ్ హాల్, అమెరికన్ స్కాట్ ఫిషర్‌ల బృందాలు నేపాల్ వైపు నుంచి ఎక్కాయి. మధ్యాహ్నం 2 దాటితే శిఖరం ఎంత దగ్గరున్నా వెనక్కి తిరగాలన్నది అనుకున్న మాట. హాల్ వెంట వచ్చిన డగ్ హాన్సెన్ శిఖరం చేరేసరికి 4 గంటలైంది. తుఫాను పట్టుకుంది. హాల్, హాన్సెన్, ఫిషర్ ముగ్గురూ తిరిగి రాలేదు. టిబెట్ వైపున ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీసు బృందానిదీ అదే విషాదం. పొద్దుపోయిందని హర్‌భజన్ సింగ్ వెనక్కి తిరిగారు. ముందుకే సాగిన సెవాంగ్ సమన్లా, సెవాంగ్ పల్జోర్, దోర్జే మోరుప్ మంచులోనే ఉండిపోయారు. రెండు వైపులా కలిపి మృతులు 8 మంది. వాళ్లెవరికీ వాచీ లేక కాదు.

ఆ రోజు కథలో అంతగా ప్రచారం కాని ముగ్గురున్నారు. హాల్ బృందంలోని స్టూవర్ట్ హచిసన్, జాన్ టాస్క్, లూ కసిష్కి ఉదయం 11.30 ప్రాంతంలో, ముందున్న వరస చూసి, ఈ నడకతో టైముకు చేరలేమని లెక్కేసుకుని దిగిపోయారు. ఎండ కాస్తుండగానే, లక్షల రూపాయల ఖర్చు, నెలల శ్రమ వదులుకుని. ముగ్గురూ బతికారు.

టైము చూసుకోవడంలో ఇంకో చిక్కు. ఎవరెస్ట్ శిఖరం మీద రెండు గడియారాలు నడుస్తాయి. నేపాల్ టైము మనకంటే 15 నిమిషాలు ముందు, చైనా రెండున్నర గంటలు ముందు. అంటే శిఖరానికి అటూ ఇటూ 2.15 గంటల తేడా. రేడియోలో 'మూడింటికి' అంటే ఏ మూడు? బృందమంతా ఒకే టైము పెట్టుకోవాలన్న నియమం అందుకే. జీపీఎస్ ఉన్న స్మార్ట్ వాచీలు దేశం మారగానే ఫోను చూసి తమంతట తామే టైము మార్చుకుంటాయి. సరిహద్దు కొండల్లో ఆ తెలివిని ఆపేయడం మంచిది.

మస్తాన్ బాబు రికార్డు అంతా కాలంతో పందెమే. 2006 జనవరి 19 గురువారం అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి జులై 10 సోమవారం అలాస్కాలోని డెనాలితో ముగించారు. 172 రోజులు, ఏడు ఖండాలు, ఏడు శిఖరాలు. తమాషా ఏమిటంటే ఒక్కో శిఖరం వారంలో ఒక్కో రోజున. ఎవరెస్ట్‌కు ఆదివారం పడింది. అంత పక్కాగా తేదీలు పాటించిన మనిషి 2015 మార్చి 24న ఆండీస్‌లో సెర్రో ట్రెస్ క్రూసెస్ వైపు ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం దొరికింది. కొండ ఎవరి అనుభవాన్నీ లెక్కలోకి తీసుకోదు.

మరి ఏది కొనాలి? గార్మిన్ ఫెనిక్స్ లాంటి జీపీఎస్ వాచీ యాభై వేలు దాటుతుంది. దారి చూపిస్తుంది, గుండె వేగం చెబుతుంది, కానీ చార్జింగ్ అడుగుతుంది. తొలి శిక్షణకు వెళ్లే విద్యార్థికి అంత అవసరం లేదు. సౌరశక్తితో నడిచే ప్రో ట్రెక్ లేదా చేత్తోనే బ్యాటరీ మార్చుకోగల సుంటో కోర్ లాంటిది చాలు. అదీ భారమైతే రెండు వేల లోపు దొరికే మామూలు కసియో డిజిటల్ తీసుకుని, ఎత్తు కోసం బృంద నాయకుడి పరికరం మీద ఆధారపడవచ్చు. టైము విషయంలో మూడూ సమానమే. మిగిలిన డబ్బు తొడుగుల మీద, బూట్ల మీద పెట్టడం తెలివైన పని. లోహపు పట్టీ మాత్రం వద్దు, చలికి మణికట్టును కొరుకుతుంది. రెండు పిన్నుల కిందుగా దూరిపోయే ఒకే ముక్క నైలాన్ పట్టీ అయితే, ఒక పిన్ను ఊడినా వాచీ లోయలో పడదు.

ఏది కొన్నా హిమాలయాలకు తీసుకెళ్లే ముందు ఇక్కడే ఒకసారి వాడి చూడాలి. దుర్గ్ స్టేషన్ బోర్డు దగ్గర ఎత్తు సరిచేసుకుని నాగ్‌పూర్ వైపు రైలెక్కితే కాసేపట్లో డోంగర్‌గఢ్. బమ్లేశ్వరి గుడికి వెయ్యికి పైగా మెట్లు. కింది మెట్టు దగ్గర ఎత్తు రాసుకోవాలి, వెనక్కి తిరగాల్సిన టైముకు అలారం పెట్టుకోవాలి, చేతికి తొడుగు వేసుకుని ఎక్కాలి. అలారం మోగేసరికి ఇంకా యాభై మెట్లు మిగిలుంటాయి, పైన గుడి గంట వినిపిస్తుంటుంది. అక్కడి నుంచి దిగిరావాలి.