ఇంటి కుక్కయు, జలభయవ్యాధియు

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్క మొదటిది. వాకిట కాపుండి యజమానికై ప్రాణమిచ్చునని పేరొందిన యీ జీవము మూలముననే మిక్కిలి ఘోరమైన వ్యాధి యొకటి మనుష్యులకు సంక్రమించుట విచిత్రము. దీనిని వైద్యులు రేబిస్ అనియు, మనవారు జలభయవ్యాధి యనియు వ్యవహరింతురు. తమిళులు పిచ్చికుక్కను 'వెఱినాయ్' అందురు. ఆ 'వెఱి'యు మన 'వెఱ్ఱి'యు నొక్క మాటయే. కన్నడిగులకు అది 'హుచ్చునాయి'.

వ్యాధి సోకిన జంతువు చొంగలోని వైరస్ కాటుద్వారా దేహమున జొచ్చి, నరముల వెంబడి మెల్లగా మెదడునకు ప్రాకును. ఇందుకు సాధారణముగా ఒకటి మొదలు మూడు మాసములు పట్టును. ఒక్కొక్కప్పుడు వారము చాలును, ఒక్కొక్కప్పుడు సంవత్సరము గడచును. ఈ వ్యవధియే రోగిని కాపాడుటకు గల యదను. కాని గాయము మానినదిగదా యని జనులు ఊరకుండుటయు ఈ వ్యవధిలోనే. దాహమైనను నీటిని మ్రింగలేక గొంతు బిగిసికొనిపోవు లక్షణము పొడసూపిన పిమ్మట మరణము తప్పదనియే చెప్పవలెను.

1885 జూలై 6వ తేదీన లూయీ పాస్చర్ మహాశయుడు తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరునకు తన టీకాను వేయించెను. మన దేశమున తొలి పాస్చర్ సంస్థ 1900లో హిమాలయ ప్రాంతమునందలి కసౌలిలో వెలసినది. దక్షిణదేశమున కాటుపడినవాడు అంత దూరము పోయి చేరుటెట్లు? 1907లో నీలగిరులపై కూనూరున దక్షిణ భారత పాస్చర్ సంస్థ ఏర్పడినది. నాడు మద్రాసు రాజధానిలో చేరియున్న బళ్ళారి, గంజాం జిల్లాల తెలుగువారికి కసౌలికంటె కూనూరు చేరువయైనది.

కసౌలిలో డేవిడ్ సెంపుల్ 1911లో జంతువుల మెదడునుండి టీకాను తయారుచేసెను. దానినే దినదినము పొట్టమీద పొడిచెడివారు. అది బహుప్రాణములను నిలిపినను, కొందఱికి నరముల జబ్బును తెచ్చిపెట్టినది. 2004 చివరతో మన దేశమున దాని తయారీ నిలిచిపోయినది. ఇప్పటి టీకాలు కణములలో పెంచిన వైరసుతో చేయబడును; పెద్దలకు భుజమునకే వేయుదురు; నాలుగైదు మోతాదులతో సరి. అయినను 'పొట్టలో పదునాలుగు సూదు'లన్న మాట మన యిండ్లలో నేటికిని వినబడును. లేని సూదికి జడిసి ఆసుపత్రికి పోకుండుటకంటె అవివేకము వేఱొండు లేదు.

కాటుపడిన వెంటనే సబ్బుతో, పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు గాయమును కడుగవలెను. ఈ వైరసు పైపొర క్రొవ్వుతో కూడినదగుటచే సబ్బు దానిని చెఱచును. మన ముసలమ్మలు ప్రేమతో అద్దు కారము, సున్నము, పసరులు గాయమును రేపునేగాని మేలు చేయవు. నెత్తురు వచ్చిన గాయమునకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అను మందును గాయము చుట్టును ఎక్కించవలెను. పెంపుడు కుక్కయే కఱచినను టీకా మొదలిడి, కుక్కను పది దినములు కనిపెట్టి చూడవలెను. పిల్లికాటునకును, కోతికాటునకును గూడ టీకా వేయించుకొనవలెను.

పిల్లకు మూడు మాసములు నిండగానే టీకా, పిదప ఏటేట మఱల: కుక్కను పెంచువాని విధి యింతయే. ఊరిలో నూటికి డెబ్బది కుక్కలకు టీకా పడినచో వ్యాధి వ్యాప్తి ఆగును. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారనియు, అందు మూడవవంతునకు పైగా మన దేశముననే యనియు అంచనా. కాటుపడువారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్ల లోపు బాలురు. కుక్కతో ఆడితివేల యని తిట్టుదురని పిల్లలు కాటును దాచుదురు. కావున అడిగినపుడు గద్దింపరాదు.

పెండ్లికో పండుగకో రాష్ట్రము దాటి బంధువులయింటికి పోవుట మనవారికి వాడుక. టీకా వరుస నడుమ ప్రయాణము తటస్థించినచో తేదీలు వ్రాసిన చీటిని వెంటగొనిపోయి, చేరినచోటి ప్రభుత్వాసుపత్రిలో చూపి మిగిలిన మోతాదులను ఆయా దినములందే వేయించుకొనవలెను.