మారు వడ్డన – మాటల పొందిక

తెనాలి కూడలి వద్ద రైలుమార్గం చీలి, ఒకటి బాపట్ల మీదుగా చీరాల వైపు, మరొకటి రేపల్లెకు సాగుతుంది. ఈ నాలుగు పట్టణాలలో భోజనశాలల ముందు సాధారణంగా ‘ప్లేట్ మీల్స్’, ‘ఫుల్ మీల్స్’, ‘స్పెషల్ మీల్స్’ వంటి మాటలు కనిపిస్తాయి. నిత్యం చూసే మాటలే అయినా, వీటి అర్థం అందరికీ ఒక్కటేనా?

పరభాషాపదం మన భాషలోకి వచ్చినప్పుడు దాని అర్థం మారడం సహజం. ‘హోటల్’ ఆంగ్లంలో ప్రధానంగా బస చేసే చోటు. తెలుగువారికి తిండి దొరికే చోటు. ‘మీల్స్’ అక్కడ బహువచనం. మనం ‘ఒక మీల్స్’ అంటాం. దీనినే అర్థవిపరిణామం అంటారు. ఇది దోషం కాదు. చెప్పేవాడూ వినేవాడూ ఒకే అర్థం గ్రహించనప్పుడే చిక్కు.

‘ప్లేట్ మీల్స్’ అనగా ఒక్కసారి వడ్డించే భోజనమనీ, ‘ఫుల్ మీల్స్’ అనగా కోరినంత వడ్డించేదనీ వాడుక. కాని కోరినంత పెట్టేది అన్నమా? కూర కూడానా? పెరుగు, అప్పడాల సంగతేమిటి?

రేపల్లె నుంచి పరీక్ష రాయడానికి తెనాలి వచ్చిన ఒక విద్యార్థిని ఊహించుకొందాం. తిరుగు చార్జీ పోను మిగిలిన డబ్బుతో ‘ఫుల్ మీల్స్’ టోకెన్ తీసుకొన్నాడు. మారు కూర అడిగితే, ‘మారు అన్నానికే, కూరకు వేరే డబ్బు’ అన్నారు. నలుగురిలో చిన్నబోయి, మజ్జిగ అన్నంతో సరిపెట్టుకొని లేచాడు. యజమాని మోసగించలేదు; విద్యార్థి తప్పు చేయలేదు. లోపం పలకమీది మాటలో ఉంది. దాని బరువు మాత్రం ఆకలిగొన్నవాడిపై పడింది.

వాక్యం అర్థవంతం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని మన శాస్త్రకారులు చెప్పారు. ‘ఫుల్’ అనగానే ‘ఏది?’ అనే ఆకాంక్ష కలుగుతుంది. పలక దానిని తీర్చదు. ‘నిప్పుతో తడిపాడు’ అనడంలో యోగ్యత లేనట్లే, ‘ప్లేట్ మీల్స్ – అన్‌లిమిటెడ్’ అనడంలోనూ పొసగదు. ధర పెద్ద అక్షరాలలో పైన, షరతు చిన్న అక్షరాలలో అడుగున ఉంటే సన్నిధి లోపిస్తుంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తుసేవల నాణ్యత, పరిమాణం, ధరలను తెలుసుకొనే హక్కును మనకిచ్చింది. ఆ హక్కు అక్షరరూపం పొందవలసిన చోట్లలో భోజనశాల పలక ఒకటి.

పరిష్కారం కష్టం కాదు. ‘మారు’ అనే చక్కని తెలుగు మాట మనకు ఉండనే ఉంది. ‘అన్నం, పప్పు, సాంబారు: మారు కలదు. కూర, పెరుగు, అప్పడం: ఒక్కసారి మాత్రమే’ అని రాస్తే చాలు. ‘ఫుల్’, ‘స్పెషల్’ అనే మాటలు ఉన్నా లేకున్నా సందేహం ఉండదు. టోకెన్ కొనేముందే విషయం తెలుస్తుంది. పంక్తిలో కూర్చొన్నవారికి మొహమాటం తప్పుతుంది.

భాషాజ్ఞానం కావ్యాలు చదవడానికే కాదు. నలుగురు చదివే పలకపై నాలుగు మాటలు స్పష్టంగా రాయడం కూడా భాషాజ్ఞానమే. విద్యార్థులు తమ ఊరి పలకలను ఈ దృష్టితో ఒకసారి చదివి చూడాలి.