దిక్కులేని పిల్లికి వైద్యము

ఆవు గాని గేదె గాని జబ్బుపడినచో రైతు తన పనులు మానుకొని పశువైద్యుని యొద్దకు పరుగెత్తును. పెంపుడు కుక్కకు నలత చేసినచో యజమాని దానిని బండిమీద కూర్చుండబెట్టుకొని పోవును. కాని యెవరి పెరటిలోనో పుట్టి, యెవరి చేతికిని చిక్కక బ్రతుకు పిల్లికి జబ్బు చేసినచో దానిని వైద్యునియొద్దకు గొనిపోవువారెవరు? ఈ ప్రశ్న నిరుడు మా బోర్డింగులో పుట్టినది. దానికి సమాధానము వెదకుటలో మేము చేసిన తప్పులను, నేర్చిన సంగతులను తోడి విద్యార్థులకు తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట నిట్టి పిల్లి యెట్టిదో యెఱుగవలెను. పిల్లికూన పుట్టిన రెండవ వారము మొదలు ఏడవ వారము వఱకు మనుష్యుల చేతులలో మెలగినయెడల మచ్చికయగును. ఆ దినములలో మనుష్యస్పర్శ నెఱుగని కూన పెద్దదైన పిమ్మట మనలను శత్రువులుగానే యెంచును. మనము పెట్టిన అన్నము తినును గాని, మనము మఱలిపోయిన తరువాతనే తినును. దారి తప్పిన యింటిపిల్లి మెల్లగా పిలిచినచో నెప్పటికైనను దగ్గఱకు వచ్చును, ఇది రాదు. కనుక ఇంటిపిల్లికి చేయు ఉపచారము దీనికి చేయబూనుట యపాయకరము.

మఱియు పిల్లి తన జబ్బును దాచుకొను జంతువు. బలహీనత శత్రువులకు తెలియకుండుటకై మూలల నణగియుండును. మన కంటబడునప్పటికే వ్యాధి ముదిరియుండుట తఱచు. కూటి వేళకు రాకుండుట, వెండ్రుకలను నాకి శుభ్రము చేసికొనక చింపిరిగా నుండుట, కంటి లోపలి మూలనుండి తెల్లని పొర కప్పుట, చొంగ కార్చుట, నడక తూలుట మొదలగునవి గుర్తులు. ఏమియు తినక రెండు మూడు దినములు గడచినచో కాలేయములో క్రొవ్వు చేరి, మొదటి జబ్బునకు తోడు మఱియొక జబ్బు పుట్టును. నోరు తెఱచి రొప్పు పిల్లిని, మాటిమాటికి మూత్రమునకు కూర్చుండియు చుక్కయైన విడువలేని గండుపిల్లిని ఆనాడే వైద్యుని యొద్దకు చేర్పవలెను.

మా వంటశాల వెనుకనున్న పాత కట్టెల కొట్టములో నొక బూడిదరంగు ఆడుపిల్లి మూడేండ్లుగా నున్నది. మా బియ్యపు బస్తాలకు ఎలుకల బెడద తగ్గినది దానివలననే. ఒకనాటి యుదయమున అది చొంగ కార్చుచు, ముందుకాలితో మూతిని గోకికొనుచు కనబడెను. వంటచేయు అమ్మగారు చూచి, “బాబూ, దానికి పిచ్చి పట్టినది, దగ్గఱకు పోకుడు” అని కేక వేసిరి. పెద్ద తరగతులవారు కొందఱు కఱ్ఱలు తెచ్చిరి. చిన్న తరగతుల పిల్లలు కొందఱు ఏడ్చిరి. వార్డెనుగారు వచ్చి ఇరుపక్షములవారిని ఆపి, “పశువుల డాక్టరుగారి నడిగి రండు. అంతవఱకు నెవరును దాని జోలికి పోరాదు” అని యాజ్ఞాపించిరి.

ఆ యాజ్ఞను మాలో నొకడు మీఱెను. మేలు చేయు తలంపుతోనే యతడు గోనెసంచి తెచ్చి పిల్లిపై వేసి పట్టబోయెను. పిల్లినైనను గదిలో బెట్టి కొట్టిన తిరుగబడునను సామెత మన మందఱ మెఱిగినదే. అది యతని మణికట్టును కఱచి, అటకమీది కెక్కి ఆ దినమంతయు క్రిందికి దిగలేదు. పిల్లి పంటి గాటు సూదిపోటంతగానే కనబడును గాని లోతుగా దిగి చీము పట్టును. అంతకంటె నెక్కుడు భయము పిచ్చివ్యాధిది. అది కుక్కవలననే గాక పిల్లివలనను సంక్రమించును. లక్షణములు బయటపడిన తరువాత మనుష్యుడు బ్రతుకుట బహు అరుదు. కనుక గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. మొదటి సూది వేసిన దినమును 0గా లెక్కించి, కండరములో వేయు పద్ధతిని 0, 3, 7, 14, 28వ దినములందు టీకా వేయుదురు. రక్తము వచ్చునట్లు కఱచినచో గాటుచుట్టును వేయు మఱియొక మందు కూడ అవసరమగును. మా మిత్రుని కివన్నియు జరిగినవి. ఒక గోనెసంచి చేసిన పని యిది.

పశువుల డాక్టరుగారు మేము చెప్పినదంతయు విని, “చేతులతో పట్టవద్దు, బోనులో తెండు, చూచెదను” అనిరి. మన మండలములలోని పశువైద్యశాలలు పాడిపశువులకే ముఖ్యముగా నేర్పడినవి. తెలంగాణములో 2017 నుండియు, ఆంధ్రప్రదేశములో 2022 నుండియు 1962 అను నంబరునకు ఫోను చేసినచో వచ్చు సంచార పశువైద్య వాహనములును ప్రధానముగా నట్టివే. కావున బయలుదేఱుటకు ముందే కొన్ని సంగతు లడిగి తెలిసికొనవలెను: అచ్చట పిల్లులను చూతురా, ఏ వేళను రావలెను, మచ్చికలేని జంతువునకు మత్తుమందు ఇచ్చు సౌకర్యము కలదా, వ్యయమెంత. హైదరాబాదు నారాయణగూడలోని పెద్ద పశువైద్యశాలలోను, రాజేంద్రనగరము, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులలోను చిన్న జంతువులకు వైద్యము చేయుదురు.

తమ్ము తామే యడుగుకొనవలసిన ప్రశ్నలును కొన్ని కలవు. వైద్యమైన పిదప పిల్లి యెచ్చట నుండును? మందు వేయువారెవరు? “ఇది బ్రతుకదు, బాధలేకుండ పోనిచ్చుట మేలు” అని వైద్యుడు చెప్పినచో “సరే” యని బదులు చెప్పువారెవరు? యజమాని లేని జంతువునకు ఆ దినమున నొక యజమాని కావలెను. పదిమంది జాలిపడి, ఒక్కరును పూచీపడనిచో జంతువు వైద్యశాల గుమ్మమునొద్దనే నిలిచిపోవును. వార్డెనుగారు ఆ పూచీ వహించిరి. మేము చందా వేసికొంటిమి.

జంతుసంరక్షణకై పాటుపడు యువకులు కొందఱు మా పట్టణములో నున్నారు. వారియొద్ద బోను ఎరువు తెచ్చితిమి. అది ఎలుకబోను వంటిదే గాని పొడవు రెండు మూడడుగు లుండును. పిల్లి లోపలి పలకను త్రొక్కగానే తలుపు పడును. దానిని నీడలో, పిల్లి నడచు దారిని, గోడవారగా పెట్టి, పలకకు వెనుక వాసనగల చేపముక్క నుంచితిమి. కడుపు నిండిన పిల్లి బోనులోనికి పోదు గనుక అన్యత్ర అన్నము పెట్టుట మానవలెను. బోనును విడిచి పోరాదు, దూరమునుండి కనిపెట్టుచుండవలెను. మఱునాడు తెల్లవాఱుజామున తలుపు పడిన చప్పుడైనది. వెంటనే మందపు దుప్పటి కప్పితిమి. చీకటి పడినంతనే దాని గింజులాట తగ్గి ఊరకుండెను. ఆ దుప్పటి తీయక, వ్రేలైనను కమ్ములలో దూర్పక, ఆటోలో ఆసుపత్రికి చేర్చితిమి.

డాక్టరుగారు చేతొడుగులు తొడిగికొని, కమ్ముల సందునుండియే మత్తుసూది వేసిరి. పిల్లి నిద్రపోయిన పిమ్మట నోరు తెఱచి మాకు చూపిరి. నాలుకమీద ఎఱ్ఱని పుండ్లు కలవు. ముందుకాళ్ల అరికాళ్లును కమిలియున్నవి. వారు మా వంక తిరిగి, “మీ వంటశాల నేల దేనితో కడుగుదురు?” అని ప్రశ్నించిరి. ఆ వారము నేల కడుగు వంతు మాదే. చీమలు హెచ్చినవని ఫినాయిలులో నీరు చాల కలుపక చిక్కగా పోసితిమి. పిల్లి ఆ తడినేలపై నడచి, తరువాత తన పాదములను నాకికొనియుండును. నిశ్చయముగా చెప్పుట కష్టమే గాని, పుండ్ల తీరు అట్లే యున్నదని వారనిరి. పిచ్చి పట్టినదని మేము చంపబోయిన పిల్లిని ఆ స్థితికి తెచ్చినది మా చేతి బకెట్టే యని తెలిసి మే మొక్కరమును మాటాడలేకపోతిమి.

దీని కారణము వారు విప్పి చెప్పిరి. మన కాలేయము కొన్ని విషములను ఒక చక్కెరజాతి పదార్థముతో జోడించి మూత్రముద్వారా బయటికి పంపును. పిల్లి కాలేయమునకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. అందుచేత ఫినాయిలు జాతి మందులు దానికి విషతుల్యములు. మన మందఱము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ బిళ్ల యొక్కటియే పిల్లిని చంపగలదు. రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవును. ఆ బిళ్లను పాలలో కలిపి పెట్టుదమని మాలో నొకడు ముందునాడే యనియుండెను! కుక్కల గోమారులకు రాయు పెర్మెత్రిన్ మందును అట్లే ప్రాణాంతకము. కాబట్టి దిక్కులేని పిల్లికి వైద్యుని చూపలేనివారు ఇంటిమందు పెట్టుటకంటె ఏమియు పెట్టకుండుట మేలు.

వైద్యుడుగారు పాదములను కడిగి, చర్మము క్రింద సెలైను ఎక్కించి, నొప్పికిని పుండ్లకును సూదులు వేసిరి. దినదినము నోట బిళ్ల వేయుటకు వీలుకాని యిట్టి జంతువునకు, ఒకసారి వేసిన కొన్ని దినములు పనిచేయు సూదిమందునే యెన్నుకొందురు. కఱచిన జంతువు గనుక 10 దినములు కనిపెట్టి చూడవలెననియు, అన్ని దినములు అది ఆరోగ్యముగా నున్నచో కఱచిన వేళ దాని లాలాజలములో పిచ్చివ్యాధి విషము లేదని తేలుననియు, అంతవఱకు మా మిత్రుడు టీకా మానరాదనియు చెప్పిరి.

ఆ పది దినములు పిల్లిని ఖాళీ సామానుగదిలో నుంచితిమి. దాగికొనుటకు అట్టపెట్టె, ఇసుక పోసిన తట్ట, నీరు, ముండ్లు తీసి మెత్తగా మెదిపిన చేప — ఇంతే దాని సంసారము. లోనికి పోవువా డొక్కడే. మొదటి రెండు దినములు అది చేపను ముట్టలేదు. మూడవనాటి ఉదయమున పళ్లెము సగము ఖాళీగా నుండెను. ఆ వార్త ప్రార్థన గంటకు ముందే బోర్డింగంతయు ప్రాకెను. కఱ్ఱలు తెచ్చినవారే మొదట వచ్చి యడిగిరి.

పదునొకండవ నాడు తలుపు తెఱచితిమి. అది మా వంక చూడక తిన్నగా కట్టెల కొట్టములో దూఱెను. నేటికిని మమ్ము చూచిన పాఱిపోవును. మేలు చేసినవారిని గుర్తించుట దాని ధర్మము కాదు. ఆ గుర్తింపు కోరుట మా పనియు కాదు. జీవులయెడ కారుణ్యము పౌరుని విధులలో నొకటియని 1976లో మన రాజ్యాంగమున చేర్చబడినది. ఆ వాక్యమును మేము పరీక్షకొఱకు వల్లించియుంటిమి. దాని యర్థము సామానుగది తలుపునొద్ద కొంత తెలిసినది. ఇప్పుడు మా వంటశాల నేలను సబ్బునీటితో కడిగి, మంచినీటితో తొలిచి, ఆఱబెట్టుచున్నాము. ఫినాయిలు సీసా మరుగుదొడ్ల ప్రక్కనున్న అలమారులో, తాళముక్రింద నున్నది.